గడప మునిగిన ఆషాఢం

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. పోవడమంటే అలా ఇలా పోవడం కాదు. పోయిన పరువుకి సాక్ష్యంగా నా ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చు పడి, అది ఎర్రగా పండి, పన్నెండు రోజుల పాటు పాతబస్తీ మొత్తానికి కనబడేలా వెలిగిపోయిన కథ. ఇంతా చేసి నన్నెవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది, కాస్త గౌరవంగానైనా ఉండేది.

ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది ఇప్పుడెందుకు కక్కుతున్నానంటే, కారణం ఈ ఏటి వాన. కిషన్‌బాగ్‌లో మా ఇంట్లో ఉప్పు డబ్బాలో ఉప్పు నీళ్ళయింది. తలుపులు ఉబ్బిపోయి తెరిచినవి మూసుకోవు, మూసినవి తెరుచుకోవు. ఆరేసిన బట్టలు నాలుగు రోజులు వేలాడి, అయిదో రోజున వాసనేసి మళ్ళీ ఉతకమంటాయి. పక్కింటాయన రోజూ పొద్దున్నే గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడి, "క్యా బారిష్ హై భాయ్, జీనా హరామ్ హోగయా" అని ఆకాశాన్ని తిట్టి లోపలికి పోతాడు. ఊళ్ళో అందరికీ ఈ వాన మీద ఒక్కటే మాట. నేను మాత్రం టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, వానను చూస్తూ నిట్టూరుస్తుంటాను.

"ఏంది, మల్ల గా కిటికీ యాదికొచ్చిందా?" అంటుంది వెనకనుంచి మా ఆవిడ స్వరూప.

"లేదు, కాలువ నిండిందేమో చూస్తున్నా."

"మీ చెంప ఎర్రగయింది, చూస్కోండి."

పదమూడేళ్ళైంది. అయినా ఆ మాట వినగానే నా చెయ్యి చెంప మీదకు పోతుంది. ఆవిడ పడీ పడీ నవ్వుతుంది.

మా పెళ్ళైన ఏడు కూడా ఇలాంటి వానే. మా అమ్మానాన్నలది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం మీద వచ్చి కిషన్‌బాగ్‌లో ఉండిపోయారు. స్వరూప వాళ్ళది మూడు తరాలుగా అఫ్జల్‌గంజ్‌లో బెల్లం వ్యాపారం. మా నాన్న ఒకరోజు బెల్లం కొనడానికి వెళ్ళి సంబంధం కుదుర్చుకుని వచ్చారు, బెల్లం మాత్రం మరిచిపోయారు. నేనప్పటికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాని. పొద్దస్తమానం దస్తావేజులూ, హద్దులూ, తూర్పు పడమరలూ. నాకు తెలియని న్యాయం లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది.

పెళ్ళై నెలన్నర తిరగకుండానే ఆషాఢం వచ్చిపడింది. తెలుగువాళ్ళకు చెప్పేదేముంది? కొత్త కోడలు అత్తవారింట్లో ఉండకూడదు, పుట్టింటికి పోవాలి. కొత్త అల్లుడు ఆ ఇంటి వైపు కన్నెత్తి చూడకూడదు. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. ఎందుకమ్మా అని మా అమ్మనడిగాను.

"పెద్దవాళ్ళు పెట్టారు" అంది.

"ఏ పెద్దవాళ్ళు?"

"నీకంటే పెద్దవాళ్ళు. నోర్మూసుకుని అన్నం తిను."

మా అత్తగారు అనసూయమ్మ ఇంకా ఖండితమైన మనిషి. ఆవిడ గొంతు పెంచితే మూసీ అవతలి ఒడ్డున బస్సాగేది. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన రోజున మా వాకిట్లో నిలబడి నాకు చెప్పిన మాట ఇది: "అల్లుడా, ఈ ఒక్క నెల గడవనియ్యి. నడుమల మా గడప దాటినవో, కాళ్ళిరగ్గొడ్త. ప్రేమగనే చెప్తున్న."

విరహం పడడానికి కూడా ఒక హోదా ఉండాలి కదండీ. కనీసం ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరమైనా ఉండాలి. నాకు అరగంట ఆటో దూరంలో విరహం రాసిపెట్టాడు దేవుడు. అటు చూస్తే అఫ్జల్‌గంజ్, ఇటు చూస్తే కిషన్‌బాగ్, మధ్యలో నేను, నా ఖాళీ మంచం.

మొదటి అయిదు రోజులూ ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఆరో రోజున వాళ్ళింటి కప్పు కారుతుంటే కింద పెట్టిన బకెట్లో స్వరూప ఫోన్ జారిపడింది. ఆరుతుందని బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ వానలకు బియ్యమే మెత్తబడుతున్నాయి, ఇక ఫోన్ ఏం ఆరుతుంది? మిగిలింది కొట్లో ఉన్న పాత ఫోన్ ఒక్కటే. దాని పక్కన మా మామగారు కూర్చుంటారు. ఆయన రోజుకు మూడు మాటలకు మించి మాట్లాడరని బజారంతా చెప్పుకునేవారు. ధైర్యం చేసి ఫోన్ చేశాను.

"మామయ్యగారూ, నేనండీ."

"ఊ."

"అంతా కులాసాయేనా?"

"ఊ."

"మరి... స్వరూప..."

"బాగుంది" అని పెట్టేశారు. ఆ రోజు వాటా మొత్తం నాకే ఖర్చుపెట్టారు మహానుభావుడు.

అప్పుడు నాలోని గుమాస్తా నిద్రలేచాడు. వాళ్ళ కొట్టు బజారు వైపు ఉంటుంది, ఇంటి తలుపు పక్క గల్లీలోకి ఉంటుంది. ఇల్లంటే నివాస స్థలం, కొట్టంటే వ్యాపార స్థలం. శాస్త్రం ఇంటి గడప గురించే చెప్పింది గానీ కొట్టు గురించి ఎక్కడా చెప్పలేదు. కొనుగోలుదారుగా వెళ్ళే హక్కు నాకుంది! మర్నాడే గొడుగేసుకుని వెళ్ళాను.

"ఒక కిలో బెల్లం ఇవ్వండి మామయ్యగారూ."

ఆయన నన్ను చూశారు, నా గొడుగును చూశారు. "హోల్‌సేల్" అన్నారు.

"అయితే ఒక దిమ్మ ఇవ్వండి."

దిమ్మంటే పది కిలోలు. భుజాన వేసుకుని వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక పరదా ఉంది, దాని వెనకనుంచి గాజుల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు కోసం రెండ్రోజులాగి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. మూడో దిమ్మ వంటింట్లో దించగానే మా అమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఎవరిదైనా పెళ్ళా? లేకపోతే మనం కూడా కొట్టు తెరుస్తున్నామా?"

"చవగ్గా వస్తోందనీ..."

"చవకా? కిషన్‌బాగ్‌లో ఉన్న చీమలన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి. కోడల్ని పంపించి చీమల్ని తెచ్చుకున్నట్టయింది నా బతుకు."

నాలుగోసారి వెళ్ళినప్పుడు అదృష్టం కలిసొచ్చింది. వెనక గోదాంలో కప్పు కారుతోందని మామగారు లేచి వెళ్ళారు. పరదా కదిలింది. సగం మొహం, ఒక కన్ను, ఒక ముక్కుపుడక కనిపించాయి. నేను గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"గట్ల నిలవడితె ఏం లాభం? జల్ది ఇనండి" అంది స్వరూప గుసగుసగా. "రేపు నాలుగింటికి గల్లీల కిటికీ కాడికి రాండి. జల్లు కొడుతుందని దానికి నీలం తాడిపత్రి కట్టిండ్రు. దాని కింద నుంచి చెయ్యి వెడ్త."

"చెయ్యి ఒక్కటేనా?"

"మొకం గూడ కావాల్నా? అమ్మ చూసిందంటె సంపుతది. చెయ్యి చాలు."

చాలు అన్న ఆ మాటను ఆ రాత్రంతా మననం చేసుకున్నాను. ఇరవై రెండు రోజుల తర్వాత ఒక చెయ్యి. అది నాకు ఆస్తి రాసిచ్చినంత అనిపించింది.

మర్నాడు వాన విరుచుకుపడింది. ఆఫీసులో కరెంటు లేదు, జనం లేరు. మూడింటికే నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడుస్తుంటే పక్క కుర్చీ జహంగీర్ భాయ్ నోరు తెరిచాడు.

"గీ వానల యాడికి భాయ్?"

"బెల్లం కోసం."

"ఇంక బెల్లమా? షుగర్ వస్తది భాయ్, ఘర్‌కు పో!"

అఫ్జల్‌గంజ్ చేరేసరికి గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. వాళ్ళింటి గడప, పసుపూ కుంకుమా పెట్టిన ఆ భయంకరమైన గడప, అసలు కనబడనే లేదు. బురద నీటి కింద ఎక్కడో ఉంది. నాలుగింటికే చీకటి పడ్డట్టుంది, లోపల దీపం లేదు. కళ్ళద్దాల మీద నీళ్ళు కారుతుంటే తీసి జేబులో పెట్టుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత నా తరఫున వాదించడానికి మిగిలిన ఆధారం ఇదొక్కటే.

నీలం తాడిపత్రి కింద, కిటికీ గట్టు మీద, చెప్పిన వేళకు చెప్పినట్టే ఒక చెయ్యి ఉంది! అరచేతిలో గుండ్రంగా చందమామ, వేళ్ళకు టోపీల్లా గోరింటాకు, పచ్చిగా, దట్టంగా. నా కోసం గోరింటాకు కూడా పెట్టుకుందే అని నా కళ్ళు చెమర్చాయి.

"స్వరూపా" అన్నాను.

చెయ్యి ఉలిక్కిపడింది.

"భయపడకు, నేనే. నువ్వేం మాట్లాడకు. మాట్లాడితే మీ అమ్మ వింటుంది. నేను చెబుతా, నువ్వు వింటూ ఉండు" అని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, తీసుకొచ్చి నా చెంపకు ఆనించుకున్నాను.

చూశారా? అవతలివాళ్ళను మాట్లాడవద్దని ఆజ్ఞ జారీ చేసిందీ నేనే. ఇంత పకడ్బందీగా తన గోతిని తనే తవ్వుకున్నవాణ్ణి మా రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా నేను చూడలేదు.

"ఇరవై రెండు రోజులైంది తెలుసా? పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో టీ పోస్తున్నాను. రెండోది చల్లారిపోయాక నేనే తాగుతున్నాను. నీ దువ్వెనలో నాలుగు వెంట్రుకలు మిగిలాయి. అమ్మ పారేస్తానంటే పోట్లాడాను. సాయంత్రం వాన మొదలైతే, ఇదే వాన అఫ్జల్‌గంజ్‌లో కూడా పడుతోంది కదా, స్వరూప కూడా వింటోంది కదా అనుకుని కాస్త ఊపిరి తీసుకుంటున్నాను. నవ్వకు. అందరూ ఈ వానను తిడుతున్నారు. నాకైతే మన ఇద్దరి దగ్గరా ఉన్నది ఇప్పుడీ వాన ఒక్కటే అనిపిస్తోంది."

చెయ్యి కదల్లేదు. వేళ్ళు మాత్రం నా చెంప మీద కొంచెం మెత్తబడ్డాయి. నాకింకా ఊపొచ్చింది. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"అయ్యో, ఈ చెయ్యేంటి ఇంత గరుకైపోయింది? మీ అమ్మ నీతో ఎంత చాకిరీ చేయిస్తోందో కదా! పుట్టింటికి పంపితే విశ్రాంతి అంటారు గానీ... పాపం, వేళ్ళు కూడా లావెక్కాయి, వాచాయా ఏంటి?"

వేళ్ళు ఒక్కసారి బిగుసుకున్నాయి. నేను దాన్ని దుఃఖం అనుకున్నాను.

"నాకు తెలుసు, నువ్వు మీ అమ్మను ఏమీ అనలేవు. నేనంటాను. ఆవిడకు ప్రేమంటే ఏం తెలుసు? బెల్లం దిమ్మల మధ్య బతికే మనిషికి ఇంత చేదు ఎక్కడినుంచి వచ్చిందో నాకర్థం కాదు. గడపట, గడప! మీ గడప నీళ్ళలో మునిగిపోయింది, చూడు. కనబడని గడపను దాటానని ఎవరు రుజువు చేస్తారు? హద్దు రాయి మునిగిపోతే హద్దే లేదు. ఏ ఆఫీసులోనైనా నేను వాదిస్తాను. కానీ మీ అమ్మ ముందు నోరు లేస్తుందా? ఆ గొంతు వింటే నాకు కాళ్ళలో వణుకు."

సరిగ్గా ఆ మాటకు పక్కనున్న గోదాం తలుపు తెరుచుకుంది. నెత్తిన బెల్లం బుట్టతో, కొంగు నడుముకు చుట్టుకుని, నీళ్ళలో అడుగులు వేసుకుంటూ స్వరూప బయటికొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏమండీ! గోదాంల నీళ్ళు సొచ్చినయ్, నాయిన పిలిస్తె పోయిన. గాడ మీరు ఎవరితోని ముచ్చట వెడుతున్నరు?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె రెండు చేతులూ బుట్ట మీదున్నాయి. లెక్కపెట్టాను. రెండే. మళ్ళీ లెక్కపెట్టాను. అప్పటికీ రెండే. మరి నా చెంప మీద ఉన్నది?

తాడిపత్రి వెనకనుంచి, మూసీ అవతల బస్సులు ఆపే ఆ గొంతు, ఎన్నడూ లేనంత మెల్లగా పలికింది.

"అల్లుడా, జర చెయ్యి ఇడుస్తవా? తిమ్మిరెక్కింది."

భూమి చీలితే బాగుండు అనుకోవడానికి కూడా అక్కడ భూమి లేదు, అంతా నీళ్ళే. చేతిని తెచ్చిన చోటే, గట్టు మీద, ఎంతో మర్యాదగా తిరిగి పెట్టేశాను. తడికి గోరింటాకు ఆరక, గాలి తగులుతుందని ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి బయట పెట్టిందట. చేతుల నిండా గోరింటాకు ఉందని బెల్లం మొయ్యకుండా ఆవిణ్ణి వదిలేశారట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు తెలిసిందల్లా, నా కాపురం ఈ గల్లీలోనే కొట్టుకుపోయిందని. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, స్వరూప ఆషాఢం తర్వాత కూడా కిషన్‌బాగ్ రాదు. మా అమ్మకు కబురు పోతుంది. నేనూ ఆ నాలుగు దిమ్మలూ మిగులుతాం.

"అత్తయ్యగారూ, నేను... అంటే నా ఉద్దేశం..."

మామగారు భుజాన బస్తాతో బయటికొచ్చారు. నన్నూ, కూతుర్నీ, కిటికీనీ వరసగా చూశారు. "ఏంది?" అన్నారు.

నేను స్వరూప నెత్తిన బుట్ట అందుకోబోయాను.

"ఏం లేదు" అంది లోపలినుంచి ఆవిడ. "బెల్లం కరిగిపోతుంది గద, మొయ్యనీకె అల్లుడొచ్చిండు. అల్లుడా, గడప కనవడ్తలేదంటివి గద?"

"అన్నానండీ" అన్నాను, చచ్చిన గొంతుతో.

"మల్ల గాడ నానుకుంట ఏంది? లోపటికి రా. నువ్వు దాటలే, నేను దాటలే. దాటింది నీళ్ళు."

నా వాదన నాకే తీర్పుగా చదివింది. ఆ రోజు నేను దాటిన గడప ఎక్కడుందో ఇప్పటికీ ఖచ్చితంగా చెప్పలేను, కాలికి మాత్రం గట్టిగా తగిలింది.

రెండు గంటల పాటు బెల్లం మోశాను. చెంప మీద ఏదో ఎండిపోయి బిగుసుకున్నట్టుంటే బురద అనుకున్నాను. కరెంటొచ్చాక స్వరూప నన్ను చూసి నోటికి కొంగడ్డం పెట్టుకుంది. కడుక్కుని వచ్చేసరికి చెంప మీద నాలుగు వేళ్ళు, నారింజ రంగులో, విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. మా మామగారు నన్ను లైటు కిందికి తెచ్చి మరీ చూశారు. అత్తగారికి చిన్నప్పుడు తలుపు సందులో పడి చిటికెనవేలు వంకర పోయిందట. అచ్చులో కూడా ఆ వంకర అలాగే దిగింది. ఆయన నా చెంప చూశారు, కూతురి ఉత్త చేతులు చూశారు, తలుపు వెనకున్న భార్య చేతులు చూశారు.

"కొట్టినవా?" అన్నారు.

"దోమ" అంది అత్తగారు.

ఆయన ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఆ రోజు మాటలు మిగల్లేదు కాబోలు.

వాన మూడు రోజులు ఆగలేదు. దారులు మూసుకుపోయాయి. అమ్మకు ఫోన్ చేసి వానకు చిక్కుకుపోయానన్నాను. "ఎక్కడరా?" అంది. "ఒక వ్యాపార స్థలంలో" అన్నాను. ఆ మూడు రోజులూ అత్తగారు నాకు ఎదురుపడకుండా, తలుపు వెనకనుంచి కంచం తోసేది. మేడ మీద గదిలో బెల్లం దిమ్మల మధ్య నేనూ స్వరూపా. కప్పు కారిన చోటల్లా గిన్నెలు పెట్టడం, గిన్నెలు నిండితే పారబోయడం, చీమలకు ముగ్గు గీతలు గియ్యడం. అంతే, అంతకంటే ఏమీ చెయ్యలేదు. నా జన్మలో అంతటి సుఖం మళ్ళీ ఎరగను. పొద్దున కళ్ళు తెరవగానే వాన వినబడితే, ఇంకో రోజు దొరికిందిరా దేవుడా అనుకునేవాణ్ణి.

నాలుగో రోజున తెరిపిచ్చింది. ఆఫీసుకు వెళ్ళేసరికి నారింజ రంగు కాస్తా ముదురు ఎరుపైంది.

"భాయ్, పెండ్లాం పుట్టింట్ల ఉన్నది. మల్ల నిన్నెవరు కొట్టిండ్రు?" అన్నాడు జహంగీర్ భాయ్.

"దోమ."

"క్యా మచ్ఛర్ హై భాయ్! అయిదు వేళ్ళల్ల నాలుగు పడ్డయి."

మా అమ్మ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "ఎవరు కొట్టారురా?" అంది. "మా అత్తగారు" అన్నాను, అలసిపోయి. అమ్మ అప్పుడే యుద్ధానికి చీర సర్దుకుంది. "కొట్టలేదే, ఆనించింది" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ నన్ను అనుమానంగా చూసింది.

ఆరేళ్ళు గడిచాయి. ఒక బోనాల పండుగనాడు అందరూ తిని నడుం వాల్చాక, మా అత్తగారు ఆ కిటికీ దగ్గరే కూర్చుని నన్ను పిలిచింది. బయట చినుకులు పడుతున్నాయి.

"అల్లుడా, గా దినం చెయ్యెందుకు గుంజుకోలేదో ఎన్నడన్న అడుగుతవనుకున్న."

"అడిగే ధైర్యం లేదత్తయ్యా."

"నా పెండ్లైన ఏడు నన్ను గూడ ఆషాఢంల పుట్టింటికి పంపిండ్రు. యాడికో గాదు, నాలుగు గల్లీల అవతలికే. రోజు పొద్దుగూకంగ కిటికీ కాడ కూసునేదాన్ని. మీ మామ ఒక్క దినం రాలే. దుకాణం బంద్ చేసి సక్కగ లోపటికి వోయి తిని పండుకునెటోడు. గా వానల నువ్వొచ్చి మాట్లాడుతుంటె, నా కోసం గాదని నాకు తెల్వదా? అయినా ఇనబుద్దయింది బిడ్డా. నీ తిట్లు గూడ ఇన్న. ఏం ఫికర్ లేదు" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి అందుకుని కళ్ళకద్దుకోవాలనిపించింది. సిగ్గేసి ఊరుకున్నాను. అది నేను చేసిన రెండో పొరపాటు, మొదటిదానికంటే పెద్దది. రెండేళ్ళ కిందట ఆవిడ వెళ్ళిపోయింది.

ఈ ఆషాఢంలో, ఇంత వానలో, స్వరూప వండిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని అఫ్జల్‌గంజ్ వెళ్ళాను. గల్లీలో మళ్ళీ నీళ్ళు, మళ్ళీ కరెంటు లేదు. కిటికీ దగ్గర మా మామగారు కూర్చుని వానను చూస్తున్నారు. ఇప్పుడు రోజూ పొద్దుగూకే వేళకు అక్కడే కూర్చుంటున్నారని పక్క కొట్టాయన చెప్పాడు. నేను గల్లీలోనే నిలబడి కిటికీలోంచి డబ్బా అందించాను. ఆయన డబ్బా పక్కన పెట్టి నా చెంప వైపు చూశారు.

"అల్లుడా, గా దినం ఏం చెప్పినవ్?"

నేను తెల్లబోయాను. అయిదు మాటలు!

"మీ అత్త గదే యాది చేస్కోని నవ్వుకుంటుండె. అడిగితె చెప్పకపోతుండె. నాకు గూడ చెప్పు" అన్నారు.

వానలో నిలబడి మొత్తం చెప్పాను. రెండు గ్లాసుల టీ చెప్పాను, దువ్వెన చెప్పాను, ఇద్దరి మీదా పడే వాన చెప్పాను. బెల్లం దిమ్మల మధ్య బతికే మనిషికి ఇంత చేదెక్కడిదన్నానని కూడా దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీ గట్టు మీద, ఆ చెయ్యి ఉన్న చోట, వేళ్ళతో తడుముతూ కూర్చున్నారు.

"చేదు నేను" అన్నారు చివరికి. "నాలుగు గల్లీలే ఉండె."

నేను ఇంటికొచ్చి స్వరూపకు ఈ సంగతి చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. రాయడమంటే నాకొచ్చింది ఒక్కటే పద్ధతి కాబట్టి, ఆ పద్ధతిలోనే ముగిస్తాను.

కిషన్‌బాగ్ నివాసి, రిజిస్ట్రేషన్ గుమాస్తా అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చెంప సాక్షిగా రాసి ఇచ్చిన ప్రమాణ పత్రం ఏమనగా: ఇక మీదట వానలో గానీ ఎండలో గానీ, కరెంటు ఉన్నా లేకున్నా, ముందు కళ్ళద్దాలు పెట్టుకుని మొహం చూడనిదే ఏ చెయ్యీ పట్టుకోను. పట్టుకున్నా చెంపకు ఆనించను. ఆనించినా అవతలివారి అమ్మగారి ప్రస్తావన తేను. ఇందుకు హద్దులు: తూర్పున గల్లీ, పడమర కిటికీ, ఉత్తరాన గోదాం, దక్షిణాన నీళ్ళలో మునిగిన గడప.

షరతు ఒక్కటే. గోరింటాకు పెట్టుకున్న ఆ వంకర చిటికెనవేలి చెయ్యి ఏ వానలోనైనా, ఏ కిటికీ గట్టు మీదనైనా మళ్ళీ కనబడితే, పై ప్రమాణం చెల్లదు.